గాలి తాకే చోట డబ్బు పెట్టండి

చేతిలో అరవై వేలున్నాయి. చీటీ పాడి నాన్న ఇచ్చినవో, రెండేళ్లు ట్యూషన్లు చెప్పి దాచుకున్నవో. ఇంట్లో ఓ మోస్తరు ల్యాప్‌టాప్ ఉంది. పాట కట్టడం వచ్చు, ఇంకా బాగా చేయాలనుంది. ఈ డబ్బుతో మీటలూ లైట్లూ ఉన్న సింథసైజర్ కొనాలా, లేక సాఫ్ట్‌వేర్, ప్లగిన్లు కొనాలా? ఇంట్లోనే సంగీతం చేసే కుర్రకారు మధ్య ఈ వాదన ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. 'ల్యాప్‌టాప్ చాలు, మిగతాదంతా దండగ' అని ఒక జట్టు. 'అసలు సౌండ్ పెట్టెలోంచే వస్తుంది' అని ఇంకో జట్టు. పైకి ఇది అభిరుచుల గొడవలా కనిపిస్తుంది గానీ, చాలా ఇళ్లలో ఇది అప్పు గొడవ. పాట మధ్యలో ఆగిపోవచ్చు, ఈఎంఐ మాత్రం ఆగదు.

యూట్యూబ్ జానపదాలు, షార్ట్ ఫిల్ముల నేపథ్య సంగీతం, భక్తి పాటలు, పెళ్లి వీడియోకి ప్రత్యేకంగా చేయించుకునే పాటలు... ఇలాంటి పనులు ఇప్పుడు స్టూడియో గడప తొక్కకుండానే తయారైపోతున్నాయి. చదువుకుంటూనో, చిన్న ఉద్యోగం చేసుకుంటూనో దీన్ని వృత్తిగా మార్చుకోవాలనుకునే వాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్ల దగ్గర రెండోసారి కొనే డబ్బు ఉండదు. అందుకే మొదటి కొనుగోలు గురించి కాస్త వివరంగా మాట్లాడుకోవాలి.

సాఫ్ట్‌వేరా, హార్డ్‌వేరా అన్న ప్రశ్నలోనే తిరకాసుంది. శబ్దం ఏ దారిన వెళ్తుందో ఒకసారి చూడండి. గొంతులోంచి గాలిలోకి, గాలిలోంచి మైకులోకి, మైకులోంచి ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె ద్వారా కంప్యూటర్‌లోకి వస్తుంది. లోపల మన పనులన్నీ అయ్యాక మళ్లీ అదే పెట్టెలోంచి బయటికొచ్చి, హెడ్‌ఫోన్లలోనో స్పీకర్లలోనో గాలిగా మారి చెవికి చేరుతుంది. ఈ దారికి అటు చివర, ఇటు చివర ఉన్న పని ఏ సాఫ్ట్‌వేరూ చేయలేదు. మధ్యలో ఉన్న పని మొత్తం, ఇవాళ్టి లెక్కలో, సాఫ్ట్‌వేర్ చేయగలదు. కాబట్టి మొదటి డబ్బు రెండు చివర్లలో, అంటే శబ్దం గాలిని తాకే చోట్ల పెట్టాలి. మా అభిప్రాయం ఇదే. మిగతాదంతా దీనికి వివరణ, కొన్ని మినహాయింపులు.

మధ్యలో పని ఎప్పుడూ ఇలా లేదు. 1983లో మిడి అనే ఒప్పందం వచ్చాకే వేర్వేరు కంపెనీల కీబోర్డులు, డ్రమ్ మెషీన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలిగాయి. 1989లో జర్మనీకి చెందిన స్టెయిన్‌బర్గ్ సంస్థ క్యూబేస్‌ని తెచ్చినప్పుడు అది ప్రధానంగా ఏ స్వరం ఎప్పుడు మోగాలో చెప్పే కార్యక్రమం. శబ్దం మాత్రం బయటి పెట్టెల్లోంచే రావాలి. అదే సంస్థ 1996లో వీఎస్‌టీ అనే పద్ధతి తెచ్చాక రివర్బ్, కంప్రెసర్ లాంటివి, ఆ తర్వాత వాయిద్యాలు కూడా కంప్యూటర్‌లోకి దిగిపోయాయి. ఏఆర్ రెహమాన్ చెన్నైలో తన ఇంటి పెరట్లో స్టూడియో కట్టుకుని, 1992లో 'రోజా' చేసిన రోజుల్లో సింథసైజర్లు, శాంప్లర్లు కొనక తప్పదు. వేరే దారి లేదు. ఆయన దగ్గర పెట్టెలున్నాయి కాబట్టి మనకీ ఉండాలనుకోవడం ఆ కాలాన్ని ఈ కాలంలోకి లాక్కురావడమే.

రెండో జట్టుకి కూడా ఒక మాట చెప్పాలి. బిల్లీ ఐలిష్ తొలి ఆల్బమ్ 2019లో వచ్చింది. లాస్ ఏంజెలిస్‌లోని ఇంట్లో, ఆమె అన్న ఫినియస్ చిన్న పడక గదిలోనే ఎక్కువ భాగం తయారైంది. 2020లో ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ గెలిచింది. 'చూశారా, ల్యాప్‌టాప్ చాలు' అని చెప్పడానికి అందరూ ఈ కథనే వాడతారు. సగం కథే చెప్తారు. ఆ ఆల్బమ్‌కి మిక్సింగ్ చేసింది రాబ్ కినెల్స్కీ, మాస్టరింగ్ చేసింది జాన్ గ్రీన్‌హామ్. వాళ్లిద్దరూ అనుభవం ఉన్న ఇంజినీర్లు. పడక గదిలో పుట్టిన పాటని చెవి తెలిసిన మనుషులు బయటికి తీసుకొచ్చారు. ఇంట్లో అంతా మనమే చేసేసుకోవాలన్న పంతం ఆ కథలో ఎక్కడా లేదు.

ఇప్పుడు మొదటి చివర. మన పాటలకి ఇది మరీ ముఖ్యం. డ్రమ్ సెట్టు, పియానో, వయొలిన్ బృందం లాంటివాటికి సాఫ్ట్‌వేర్‌లో బ్రహ్మాండమైన శబ్దాల నిధులున్నాయి. వాటిని తయారుచేసిన వాళ్ల మార్కెట్ ఎక్కడుందో నిధి కూడా అక్కడే ఉంది. దప్పు సంగతి అలా కాదు. వాయించే ముందు మంట దగ్గర కాచి తోలు బిగిస్తారు. కాసేపయ్యాక తోలు సడలి స్వరం దిగుతుంది, మళ్లీ కాస్తారు. ఒక చేతిలో లావు పుల్ల, మరో చేతిలో సన్న పుల్ల. ఏ దెబ్బ పక్కన ఏ దెబ్బ పడుతుందో దాన్ని బట్టి మోత మారుతుంది. కీబోర్డు మీద ఒక మీటకి ఒక దెబ్బ అంటగట్టి వాయిస్తే మొదటి నాలుగు ఆవృతాలు బాగానే ఉంటాయి. అయిదో ఆవృతానికి అది మెషీన్ అని చిన్న పిల్లాడికీ తెలిసిపోతుంది. గమకం సంగతీ అంతే. మీటల మీద స్వరం నుంచి స్వరానికి దూకొచ్చు గానీ జారడానికి పక్కనున్న చక్రం తిప్పాల్సిందే. ఎంత నేర్పరి తిప్పినా అది నాదస్వరం కాదు, సన్నాయి కాదు. రెండు లక్షల సింథసైజర్ కొన్నా ఈ లోటు పూడదు. లక్షల ప్లగిన్లు కొన్నా పూడదు. ఊళ్లో దప్పు వాయించే మనిషి ముందు సరైన చోట పెట్టిన పదివేల మైకుతో పూడుతుంది.

ఏ మైకు? కండెన్సర్ మైకులు సున్నితమైనవి. ఇంటర్‌ఫేస్ నుంచి వాటికి 48 వోల్టుల కరెంటు అందాలి. గొంతులో ఊపిరి కూడా పట్టుకుంటాయి. ఆ సున్నితత్వమే మన ఇళ్లలో తంటా. సీలింగ్ ఫ్యాను, వీధిలో ఆటో, పక్కింటి కుక్కరు విజిల్, గది గోడలకు కొట్టుకుని తిరిగొచ్చిన మీ గొంతే... అన్నీ సమానంగా పట్టేస్తాయి. డైనమిక్ మైకుని నోటికి దగ్గరగా పెట్టుకుని పాడితే ఈ గొడవ చాలా తగ్గుతుంది. డైనమిక్ అంటే స్టేజీ మీద వాడే చవక రకం అన్న చిన్నచూపు కొందరికుంది. 1982లో వచ్చిన మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' ఆల్బమ్‌లో ఆయన గొంతు రికార్డు చేసింది షూర్ ఎస్ఎం7 అనే డైనమిక్ మైకుతోనే. గది బాగోనప్పుడు ఖరీదైన కండెన్సర్ మైకు ఆ గదినే ఖరీదుగా రికార్డు చేస్తుంది.

గదికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. కోడిగుడ్ల అట్టలు అంటించే అలవాటు మానుకోండి. వాటివల్ల ప్రతిధ్వని తగ్గేది బహు స్వల్పం, పైగా నిప్పంటుకుంటే ప్రమాదం. పాత చీరలతో కుట్టిన బొంతలు మన ఇళ్లలో మూలన పడి ఉంటాయి. రెండు మూడు బొంతలు పాడే మనిషి వెనకా పక్కనా, గోడకి జానెడు ఎడంగా వేలాడదీయండి. బట్టల బీరువా తలుపులు తీసి దాని ఎదురుగా పాడినా తేడా తెలుస్తుంది. బయటి మోత మాత్రం బొంతలతో ఆగదు, దానికి రాత్రి పదకొండు దాటాలి. స్పీకర్లలో గుయ్‌మని సన్నటి మోత వస్తుంటే వెంటనే ఇంటర్‌ఫేస్‌ని తిట్టకండి, ముందు ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి. మోత పోయిందంటే లోపం చాలాసార్లు ఇంటి ఎర్తింగ్‌లోనే ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చే కూలీతో అయిపోయే పని.

సాఫ్ట్‌వేర్ జట్టు దాచిపెట్టే అసలు బలహీనత లేటెన్సీ. మీట నొక్కినప్పటి నుంచి శబ్దం చెవికి వచ్చేదాకా పట్టే ఆలస్యం. కంప్యూటర్ శబ్దాన్ని కొంచెం కొంచెంగా పోగుచేసి పంపుతుంది. సెకనుకు 48,000 శాంపిళ్ల చొప్పున రికార్డు చేస్తూ 512 శాంపిళ్ల బఫర్ పెడితే ఒక్క వైపుకే దాదాపు 11 మిల్లీ సెకన్లు. లోపలికీ బయటికీ కలిపితే 20 దాటిపోతుంది. గాలిలో శబ్దం 10 మిల్లీ సెకన్లలో సుమారు మూడున్నర మీటర్లు పోతుంది. అంటే మీ గొంతు ఏడు మీటర్ల అవతలి నుంచి వినిపిస్తున్నట్టు పాడాలన్నమాట. తాళం తప్పకుండా ఎవరు పాడగలరు? బఫర్ 128కి తగ్గిస్తే ఒక వైపు 3 మిల్లీ సెకన్లలోపే. కానీ అప్పుడు పాత ల్యాప్‌టాప్ చిటపటలాడుతుంది. దీనికి మందు కొత్త సింథసైజర్ కాదు. కంపెనీ సొంత ఆసియో డ్రైవర్ ఇచ్చే ఇంటర్‌ఫేస్ ఒకటి, పాడేటప్పుడు గొంతుని కంప్యూటర్ దాకా పంపకుండా పెట్టెలోంచే తిరిగి హెడ్‌ఫోన్లకి ఇచ్చే డైరెక్ట్ మానిటరింగ్ మీట ఒకటి. రికార్డింగ్ అయ్యాక మిక్సింగ్‌లో బఫర్ ఎంత పెంచుకున్నా ఇబ్బంది లేదు. దుకాణంలో అడగాల్సిన మొదటి ప్రశ్నలు ఈ రెండే. పెట్టె రంగు, మీటల మెరుపు తర్వాత.

ఇక ధరల పోలిక. 'సాఫ్ట్‌వేర్ చవక' అని మనవాళ్లు అనేటప్పుడు ఆ మాట వెనక తరచూ క్రాక్ వెర్షన్ ఉంటుంది. దొంగ కాపీ ధర సున్నా, అసలు సింథసైజర్ ధర లక్ష. ఇలా పోలిస్తే సాఫ్ట్‌వేరే గెలుస్తుంది, అది పోలికే కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 63బి సెక్షన్ ఒకటుంది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. సంపాదన కోసం వాడలేదని తేలితే జైలు లేకుండా 50 వేల వరకు జరిమానాతో కోర్టు సరిపెట్టవచ్చు. మీరు చేస్తున్నది సంపాదన కోసమే కదా. చట్టం మాట పక్కన పెట్టినా, క్రాక్ ఫైళ్లతో వచ్చే వైరస్ నాలుగు నెలల పనిని ఒక్క రాత్రిలో మింగేస్తుంది. ఇంకో మాట. 2012 సవరణ తర్వాత మన చట్టం స్వరకర్తకీ రచయితకీ రాయల్టీలో వదులుకోలేని వాటా ఇచ్చింది. రేపు ఆ వాటా అడగబోయే మనం ఇవాళ ఇంకొకరి వాటా ఎగ్గొడుతూ మొదలుపెట్టడం ఏం బాగుంటుంది!

నిజాయతీగా కొన్నా సాఫ్ట్‌వేర్ ఖర్చు భరించలేనిదేం కాదు. రీపర్ అనే ప్రోగ్రామ్ 60 రోజులు పూర్తిగా వాడి చూడొచ్చు. దానితో వచ్చే రాబడి ఏడాదికి 20,000 డాలర్లు దాటని వారికి లైసెన్సు 60 డాలర్లు, మన డబ్బులో అయిదు వేల పైచిలుకు. ఐఫోన్, మ్యాక్ ఉన్నవాళ్లకి గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. చాలా ఇంటర్‌ఫేస్‌లతో, చిన్న మిడి కీబోర్డులతో ఏబుల్టన్ లైవ్ లైట్ లాంటి చిన్న వెర్షన్లు కలిసే వస్తాయి. ఎఫ్ఎల్ స్టూడియో ఒకసారి కొంటే తర్వాతి వెర్షన్లకి డబ్బు కట్టక్కర్లేదు. కాకపోతే దాని ఉచిత వెర్షన్‌లో దాచిన ప్రాజెక్టు మళ్లీ తెరుచుకోదు, అది తెలియక మొదలుపెట్టిన పాటలు మధ్యలో ఇరుక్కుపోతాయి. ఏది 'బెస్ట్' అన్న చర్చకి ఇక్కడ చోటివ్వం. అన్నిట్లోనూ హిట్ పాటలు వచ్చాయి. మీ ఊళ్లో మీకు నేర్పే అన్న ఏది వాడితే అది నేర్చుకోండి.

సాఫ్ట్‌వేర్‌కీ ఆయుష్షు సమస్య ఉందని ఒప్పుకోవాలి. 2017 చివర్లో గిబ్సన్ సంస్థ కేక్‌వాక్ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించినప్పుడు దాని మీద ఏళ్లుగా పనిచేస్తున్నవాళ్లు ఒక్కసారిగా గాల్లో మిగిలారు. కొన్ని నెలలకి బ్యాండ్‌ల్యాబ్ దాన్ని కొని ఉచితంగా ఇచ్చింది కాబట్టి సరిపోయింది. 2023 మార్చిలో వేవ్స్ సంస్థ ఇకపై ప్లగిన్లు అమ్మం, చందా కట్టి వాడుకోవాల్సిందే అంది. వాడేవాళ్లు గగ్గోలు పెడితే కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. హార్డ్‌వేర్‌కి ఈ బెడద లేదు. అవసరం తీరాక సగం ధరకైనా అమ్ముకోవచ్చు. దొరికితే సెకండ్ హ్యాండ్‌లో కొనొచ్చు కూడా. రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్ కథ అదే. 1980లో వచ్చి, సుమారు 12,000 తయారై, 1983లో ఆగిపోయింది. నిజం డ్రమ్ములా మోగట్లేదని పెద్ద స్టూడియోలు పట్టించుకోలేదు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతోందని అమెరికాలోని కుర్రాళ్లు కొన్నారు, హిప్‌హాప్‌కి గుండె చప్పుడు అదైంది. వాళ్లు కొన్నది చవకని. ఇవాళ ఆ పాత పెట్టె కోసం లక్షలు పోస్తున్నవాళ్లు ఈ ఒక్క ముక్క మరిచిపోతారు. ఆ శబ్దం ఇప్పుడు దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది.

పనిగా చేసేవాళ్లకి సాఫ్ట్‌వేర్ వైపు మొగ్గు చూపమనడానికి మాకున్న గట్టి కారణం శబ్ద నాణ్యత కాదు, మార్పులు. షార్ట్ ఫిల్మ్ దర్శకుడు పదిహేను రోజుల తర్వాత ఫోన్ చేసి 'రెండో సీన్‌లో ఫ్లూట్ కాస్త తగ్గించండి, చివర్లో నాలుగు సెకన్లు కోసేశాం' అంటాడు. పల్లవిలో ఒక మాట మారిందని నిర్మాత అర్ధరాత్రి చెప్తాడు. ప్రాజెక్టు మొత్తం కంప్యూటర్‌లో ఉంటే తెరిచి, మార్చి, గంటలో పంపించేస్తారు. నాలుగు పెట్టెల మీద మీటలు తిప్పి చేసిన మిక్స్ అయితే ఆ రోజు ఏ మీట ఎక్కడుందో గుర్తు చేసుకోవాలి. రాసి పెట్టుకునేవాళ్లూ ఉన్నారు, ఫొటోలు తీసుకునేవాళ్లూ ఉన్నారు. ఇచ్చిన గడువు మాత్రం వాళ్లకీ మీకూ ఒకటే. పైగా పెద్ద స్టూడియోకి పని అప్పగించేటప్పుడు గొంతు, తాళం, తంత్రులు విడివిడి ట్రాకులుగా అడుగుతారు. పెట్టెలోంచి అన్నీ కలిసి రెండు చానెళ్లుగా బయటికొచ్చిన సంగీతాన్ని మచ్చ లేకుండా విడదీయడం కష్టం.

మినహాయింపు స్టేజీ. ఆర్కెస్ట్రాలో, చర్చిలో, జాతర కచేరీల్లో కీబోర్డు వాయించి బతికేవాళ్ల లెక్క వేరు. అక్కడ ల్యాప్‌టాప్ బిగుసుకుపోతే మళ్లీ తెరుచుకునేదాకా జనం ఆగరు. ఎండా దుమ్మూ తట్టుకుని, స్విచ్ వేసిన వెంటనే మోగే కీబోర్డే వాళ్ల కూడు. అలాంటివాళ్లు దాని మీద ఎంత పెట్టినా దండగనం. వాళ్లకీ ఒక సంగతి చెప్పాలి. ఆ కీబోర్డు వెనక యూఎస్‌బీ రంధ్రం ఉందేమో చూసుకోండి. ఉంటే అదే మీ ఇంటి స్టూడియోకి మిడి కీబోర్డు, విడిగా కొనక్కర్లేదు. తమ్ముడు రికార్డింగ్ మొదలుపెట్టాలనుకుంటే, అన్న స్టేజీ కీబోర్డుకో కేబుల్ తగిలిస్తే చాలు. కేబుల్ ధర కొన్ని వందలే.

స్క్రీన్ ముందు రోజంతా ఉద్యోగం చేసి, రాత్రి మళ్లీ స్క్రీన్ ముందు పాట చేయలేక మీటలున్న పెట్టె కోరుకునేవాళ్లు ఉన్నారు. చేతికి తగిలే మీట మనసుకిచ్చే ఊపు అబద్ధం కాదు. ఎనిమిది శబ్దాలే ఉన్న పెట్టెతో పాట తొందరగా పూర్తవుతుంది కూడా, ఎనిమిది వేలున్న సాఫ్ట్‌వేర్‌లో వెతుకులాటకే రాత్రి గడిచిపోతుంది. జీతం వస్తున్నవాళ్లు సరదాకి కొనుక్కోవచ్చు, ఎవరూ కాదనరు. అప్పు చేసి కొనేవాళ్లకి మాత్రం ఇది వర్తించదు.

మళ్లీ ఆ అరవై వేల దగ్గరికి వద్దాం. ధరలు మోడల్‌ని, దుకాణాన్ని బట్టి మారతాయి గానీ, రెండు ఇన్‌పుట్లున్న ఇంటర్‌ఫేస్, ఒక మంచి డైనమిక్ మైకు, చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు, స్టాండు, కేబుళ్లు కలిపి ముప్పై అయిదు, నలభై వేలలో సర్దుకోవచ్చు. స్పీకర్లు ఇప్పుడే వద్దు, బొంతలు మాత్రమే కట్టిన గదిలో కింది స్వరాలు ఎలాగూ అబద్ధం చెప్తాయి. సాఫ్ట్‌వేర్‌కి అయిదారు వేలు. పాటలు దాచుకోవడానికి బయటి హార్డ్ డిస్క్ ఒకటి. ఇంకా సుమారు పది వేలు మిగులుతుంది. దాంతో ప్లగిన్లు కొనేయాలని చెయ్యి దురద పెడుతుంది, ఆగండి. అందులో కొంత దప్పు వాయించే మనిషికీ, ఫ్లూటు వాయించే మనిషికీ కూలీగా ముందే తీసి పక్కన పెట్టండి. బాగా వాయించేవాళ్లని 'ఒక్క పాటే కదా, ఫ్రీగా' అని అడిగే అలవాటు మన దగ్గర మరీ ఎక్కువైపోయింది. మిగతాదాంతో దగ్గరి పట్నంలో ఒక స్టూడియోని ఓ రెండు గంటలు అద్దెకి తీసుకుని, మీ పాటని అక్కడి స్పీకర్లలో వేయించి, అక్కడి ఇంజినీర్ని పక్కన కూర్చోబెట్టుకుని వినండి. ఆయన ఏ చోట మొహం చిట్లించాడో చూసి రాసుకోండి.